బుర్ర లేదనేవాళ్ళు ముందు తల్లి పళ్ళెం చూడాలి

"మీ గుంటలకి బుర్ర లేదురా, మీకు సదువెందుకు?" అన్న మాట వినని ఇల్లు మన వాడల్లో లేదు. బుగత కళ్ళంలో అన్నాడు. పంతులు బడిలో అన్నాడు. ఇప్పుడు చదువుకున్న పెద్దమనుషులు అదే మాటకి మెరిట్ అని పేరు పెట్టి అంటున్నారు. పేరు మారింది గానీ మర్మం మారలేదు. బుర్ర పుట్టుకతో వస్తుందట. పుట్టుక కులాన్ని బట్టి ఉంటుందట. కాబట్టి ఎవరి బుర్ర ఎంతో ముందే రాసిపెట్టి ఉందట.

తిట్టుకి తిట్టు జవాబు కాదు. అసలు బుర్ర అనేది దేంతో తయారవుతుంది, ఎప్పుడు తయారవుతుంది, ఆ సరుకు ఎవరి ఇంట్లో ఉంది, ఎవరి ఇంట్లో లేకుండా చేశారు? ఈ లెక్క తేల్చుకుందాం. కె.కోటపాడు చుట్టుపక్కల వాడల్లో చెరుకు నరికే తల్లి, నాట్లేసే తల్లి కూడా అర్థం చేసుకోగల లెక్కే ఇది. డాక్టర్ల దగ్గర దాచి ఉంచాల్సిన రహస్యమేమీ కాదు.

మెదడు దేంతో కట్టిన ఇల్లు?

నీళ్ళు తీసేసి తూస్తే మెదడులో సగానికి పైగా కొవ్వే ఉంటుంది. కొవ్వు అంటే పొట్ట పెంచేదని, గుండెజబ్బు తెచ్చేదని మనకి నేర్పారు. కూర్చుని తినేవాడికి ఆ భయం ఉండాల్సిందే. కానీ మెదడులో ఉన్నది ఒళ్ళు పెంచే కొవ్వు కాదు. కరెంటు తీగకి పైన రబ్బరు తొడుగు ఉన్నట్టు, కబురు మోసే నరానికి కొవ్వు తొడుగు ఉంటుంది. ఆ తొడుగు సరిగ్గా ఉంటేనే కబురు జోరుగా పోతుంది. ఒక్కొక్క మెదడు కణానికి గోడ కూడా కొవ్వుతోనే కట్టి ఉంటుంది. ఆ గోడలో ముఖ్యమైన ఇటుక పేరు డి.హెచ్.ఎ. ఇది ఒమేగా-3 అనే జాతి కొవ్వు. మెదడుకీ కంటిచూపుకీ ఇది కావాలి.

ఈ ఇటుకలు ఎప్పుడు పడితే అప్పుడు చేరవు. బిడ్డ కడుపులో ఉండగా చివరి మూడు నెలల్లో, పుట్టాక మొదటి రెండేళ్ళలో జోరుగా చేరతాయి. బిడ్డ తనకి కావలసినంత తనే తయారు చేసుకోలేడు. కడుపులో ఉన్నప్పుడు తల్లి రక్తంలోంచి మాయ గుండా తీసుకుంటాడు. పుట్టాక చనుబాలలోంచి తీసుకుంటాడు. పాలలో డి.హెచ్.ఎ. ఎంత ఉంటుందన్నది తల్లి ఏం తింటుందన్న దాన్ని బట్టి ఉంటుంది. తల్లి తిండిలో లేకపోతే ఆమె ఒంట్లో ఉన్న నిలవ తరుగుతుంది. ఒక కాన్పుకి, ఇంకో కాన్పుకి మధ్య ఆ నిలవ నిండకపోతే రెండో బిడ్డకి ఇంకా తక్కువ.

మరి ఇది ఎందులో దొరుకుతుంది? సముద్రపు చిన్న చేపల్లో దండిగా ఉంటుంది. కవళ్ళు, కానాగడతలు, నెత్తళ్ళు అన్నీ అలాంటివే. కోడిగుడ్డు పచ్చసొనలో కొంత ఉంటుంది. మేకతల మెదడులో ఉంటుంది. మొక్కల్లో డి.హెచ్.ఎ. ఉండదు గానీ దానికి ముడిసరుకైన కొవ్వు ఉంటుంది. అవిసె గింజలు, ఆవాలు, సోయా నూనె, గట్ల మీద పాకే గంగపాయల కూర దానికి చిరునామాలు. అయితే ఆ ముడిసరుకులో కొద్ది భాగమే మన ఒంట్లో డి.హెచ్.ఎ.గా మారుతుంది.

ఇప్పుడు మన పొయ్యి దగ్గరికి రండి. మనం కొనే పామాయిల్లో, పొద్దుతిరుగుడు నూనెలో, వేరుశనగ నూనెలో ఈ ఒమేగా-3 లేనట్టే లెక్క. పొద్దుతిరుగుడు నూనెలో ఒమేగా-6 అనే వేరే జాతి కొవ్వు ఎక్కువ. అదీ ఒంటికి అవసరమే. కానీ రెండు జాతుల కొవ్వులూ ఒంట్లో ఒకే గానుగ దగ్గర ఆడాలి. ఒకడు ఇరవై బళ్ళ చెరుకు తెచ్చి గానుగ ముందు దింపితే, నెత్తిమీద మోపుతో వచ్చినవాడి వంతు ఎప్పుడొస్తుంది? అనకాపల్లి బెల్లం దేశంలో పుట్టిన మనకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి 2008లో జెనీవాలో నిపుణుల్ని కూర్చోబెట్టి తేల్చినది ఏమంటే, కడుపుతో ఉన్న తల్లికి, పాలిచ్చే తల్లికి రోజుకి కనీసం 200 మిల్లీగ్రాముల డి.హెచ్.ఎ. కావాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2010 సిఫార్సుల్లో గర్భిణికి వంటనూనె, నెయ్యి లాంటివి కలిపి రోజుకి 30 గ్రాములు ఉండాలంది. అంటే నెలకి దాదాపు ఒక లీటరు. అది ఒక్క తల్లికి. ఇంటిల్లిపాదికి కలిపి ఒక లీటరు ప్యాకెట్టుతో నెల నెట్టుకొచ్చే ఇళ్ళు మన వాడల్లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోండి. ఉన్న నూనె పిల్లలకి, మగాళ్ళకి పోయాక ఆఖర్న కూర్చునే తల్లి పళ్ళెంలో పడేది ఎంత?

నెయ్యి వడ్డించినందుకు కర్రలు

కొవ్వుకి కులం ఏటి అని కొందరు అడగొచ్చు. వాళ్ళు బాబాసాహెబ్ అంబేద్కర్ 1936లో అచ్చువేసిన కుల నిర్మూలన పుస్తకం తీసి చూడాలి. జైపూర్ సంస్థానంలోని చక్వారా అనే ఊళ్ళో ఒక అంటరానివాడు తీర్థయాత్ర చేసి వచ్చి తనవాళ్ళకి భోజనం పెట్టుకున్నాడు. వంటల్లో నెయ్యి వాడాడు. బంతి నడుస్తుండగా వందల మంది సవర్ణ హిందువులు కర్రలు పట్టుకుని వచ్చి కూడు పాడుచేసి, తింటున్నవాళ్ళని కొట్టారు. వాళ్ళు చేసిన నేరం? ఒకడు నెయ్యి వడ్డించడం, మిగతావాళ్ళు తినడం. డబ్బు లేక నెయ్యి మానేసినవాళ్ళ కథ కాదు ఇది. డబ్బుపెట్టి కొనుక్కున్నా తిననివ్వని కథ.

మన వైపు కర్రలు ఎత్తకపోయినా పని మాత్రం జరిగింది. పాలు పితికింది మనం, నెయ్యి కాచుకున్నది వాళ్ళు. మాడుగుల హల్వా నేతిలో ఉడుకుతుంది, ఊరూరా పేరుంది. చెరుకు నరికిన ఇంటి బాలింత నోటికి అది ఎన్నిసార్లు అందింది? ఇక మనకి దొరికిన తిండికి నీచు అని పేరు పెట్టారు. చేప నీచు, మాంసం నీచు, తలకాయ నీచు, గుడ్డు కూడా నీచు. ఇవాళ సైన్సు చూస్తే బిడ్డ మెదడుకి కావలసిన కొవ్వు, ఇనుము, బి-12, కోలిన్ అనే పోషకం అన్నీ ఆ నీచులోనే దండిగా ఉన్నాయి. ఒక్క గుడ్డులోనే 150 మిల్లీగ్రాములకి దగ్గరగా కోలిన్ ఉంటుంది. 2015లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ అంగన్‌వాడీలో గుడ్డు పెట్టనివ్వనన్నారు. గుడ్డు తినని కులాల ఆచారం గుడ్డు అవసరమైన పిల్లల కంచాన్ని శాసించింది. మన రాష్ట్రంలో అంగన్‌వాడీలో గుడ్డు ఉంది. దాన్ని కాపాడుకోవాలి. ఎవరో దయతలిచి వేసిన ముద్ద కాదది.

మన తెలుగు పల్లెల్లోనే తేలిన నిజం

తల్లికి తిండి పెడితే బిడ్డ చదువు మారుతుందా? దీనికి జవాబు అమెరికాలో వెతకక్కర్లేదు. 1987 నుంచి 1990 వరకు జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదు దగ్గరి 29 పల్లెల్లో చూసింది. 15 పల్లెల్లో అంగన్‌వాడీ ద్వారా గర్భిణులకి, బాలింతలకి, ఆరేళ్ళలోపు పిల్లలకి అదనపు తిండి అందింది. మొక్కజొన్న, సోయా పిండితో, సోయా నూనె వేసి చేసిన ఉప్మా అది. మిగతా 14 పల్లెలకి ఆ పథకం అప్పటికింకా రాలేదు. ఆ పిల్లలు పెద్దయ్యాక మళ్ళీ వెళ్ళి చూశారు. తిండి అందిన పల్లెల పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు పెరిగారు. వాళ్ళ రక్తనాళాలు మెరుగ్గా ఉన్నాయి. చదువు సంగతి 2016లో అచ్చయింది. తిండి అందిన ఊళ్ళ పిల్లలు బడిలో కొనసాగే అవకాశం ఎక్కువ. సగటున 0.84 తరగతి, అంటే ముప్పాతిక తరగతికి మించి ఎక్కువ చదివారు.

అదే లెక్కలో ఇంకో ముక్క కూడా ఉంది, దాన్ని మింగెయ్యకూడదు. మార్కుల్లో పెద్ద తేడా కనిపించలేదు. పైగా ఇది ఒక్క నూనె వల్ల వచ్చిన ఫలితం అనీ అనలేం. ఉప్మాలో బలం ఉంది, మాంసకృత్తులు ఉన్నాయి, కొవ్వు ఉంది. దాంతోపాటు అంగన్‌వాడీ ఉంది. కానీ గర్భిణి తిన్న ఒక పళ్ళెం ఉప్మా పదిహేనేళ్ళ తర్వాత ఆమె బిడ్డ బడి హాజరు పట్టీలో కనబడింది కదా! పుట్టుకతోనే బుర్ర రాసిపెట్టి ఉంటుందనే వాళ్ళు దీనికి ఏం సమాధానం చెబుతారు?

మాత్రలమ్మే వాళ్ళు బయల్దేరారు

ఈ సంగతి మందుల కంపెనీలకి కూడా తెలుసు. తల్లికి డి.హెచ్.ఎ. మాత్ర, పిల్లకి డి.హెచ్.ఎ. డబ్బా పాలు అని రంగురంగుల బొమ్మలేసి అమ్ముతున్నారు. మూడు రోజుల కూలి పెట్టి మాత్రల డబ్బా కొనాల్సిన పని లేదని మేము గట్టిగా చెబుతున్నాం.

2018లో సుమారు 70 పరీక్షల్ని, దాదాపు 20 వేల మంది తల్లుల లెక్కల్ని ఒకచోట చేర్చి కోక్రేన్ సంస్థ తేల్చింది ఇది: గర్భిణికి ఒమేగా-3 అందితే నెలలు నిండకుండా పుట్టే కాన్పులు నూటికి 11 వంతులు తగ్గుతాయి. 34 వారాలకి ముందే జరిగే కాన్పులు 42 వంతులు తగ్గుతాయి. ఇది చాలా పెద్ద మేలు. నెలలు నిండని బిడ్డ మెదడుకి ముప్పు ఎక్కువ. కానీ మాత్ర మింగితే బిడ్డ తెలివైనవాడవుతాడు అనడానికి మాత్రం స్పష్టమైన రుజువు దొరకలేదు. మన పక్కనున్న కర్ణాటక బెళగావిలో గర్భిణులకి రోజూ 400 మిల్లీగ్రాముల డి.హెచ్.ఎ. ఇచ్చి చూశారు. ఏడాది వయసులో ఆ పిల్లలకి, మిగతా పిల్లలకి ఎదుగుదలలో తేడా కనబడలేదు.

చేప తిన్న తల్లుల సంగతి వేరుగా ఉంది. ఇంగ్లండులోని బ్రిస్టల్ ప్రాంతంలో వేలమంది తల్లుల్ని, పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించి 2007లో రాశారు. వారానికి 340 గ్రాముల కంటే తక్కువ చేప తిన్న తల్లుల పిల్లలు మాటల తెలివిలో కొంత వెనకబడ్డారు. బెంగుళూరులో గర్భిణుల్ని చూసి 2009లో రాసిన లెక్కలో, చివరి మూడు నెలల్లో చేప తినని వాళ్ళకి తక్కువ బరువు బిడ్డలు పుట్టే ముప్పు ఎక్కువని తేలింది. ఇలాంటి గమనింపు లెక్కలు చేపే కారణమని నిరూపించవు. ఇంటి కలిమి, చదువు కూడా అందులో కలిసి ఉంటాయి. కానీ చేపలో కొవ్వుతో పాటు అయోడిన్, ఇనుము, మాంసకృత్తులు ఉన్నాయి. మాత్రలో ఒక్క ముక్కే ఉంది. ఇల్లంటే ఒక్క ఇటుక కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 58 మందికి పైగా ఆడవాళ్ళకి రక్తహీనత ఉందని తేలింది. రక్తం లేని తల్లికి డి.హెచ్.ఎ. మాత్ర ఇచ్చి చేతులు దులుపుకుంటే ఏటి లాభం?

మన శత్రువులు ఈ లెక్కని తిరగేసి, "చూశారా, వాళ్ళ పిల్లల మెదడు తక్కువే" అనే ప్రమాదం ఉంది. అలా అననివ్వకూడదు. ఏ బిడ్డ మెదడూ రెండేళ్ళకి మూసేసిన తలుపు కాదు. తిండి, ఆట, మాట, బడి, గౌరవం దొరికితే అది పెరుగుతూనే ఉంటుంది. అరకొర తిండితో పెరిగి కూడా మనవాళ్ళు డాక్టర్లు, కలెక్టర్లు అయ్యారు. నేతి గిన్నె ముందు కూర్చున్నవాడితో ఖాళీ పళ్ళెం వాడు సమానంగా పరుగు తీశాడంటే అసలు మెరిట్ ఎవరిది?

చట్టం ఏమంది, చేతికి ఏమొచ్చింది

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సాయం బిల్లుని సమర్థిస్తూ మాట్లాడినవాడు బాబాసాహెబ్. పనిచేసే తల్లికి కాన్పుకి ముందు, తర్వాత విశ్రాంతి కావాలని, అందులో ప్రభుత్వానికి బాధ్యత ఉందని ఆయన వాదన. రాజ్యాంగం 42వ అధికరణ ప్రసూతి సాయం గురించి, 47వ అధికరణ ప్రజల పోషణ స్థాయి పెంచడం గురించి ప్రభుత్వానికి బాధ్యత పెట్టాయి.

2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చింది. ప్రతి గర్భిణికి, కాన్పయ్యాక ఆరు నెలల దాకా అంగన్‌వాడీ ద్వారా ఉచిత భోజనం హక్కు అంది. 600 కేలరీలు, 18 నుంచి 20 గ్రాముల మాంసకృత్తులు అని రాసింది. కొవ్వు ఊసే ఎత్తలేదు. పదేళ్ళ తర్వాత, 2023 జనవరిలో, ఆ జాబితాని సవరించి మంచి కొవ్వులు, సూక్ష్మపోషకాలు చేర్చారు. కాగితం మీద చేరిన కొవ్వు కంచంలోకి చేరిందా? మన అంగన్‌వాడీకొచ్చే నూనె ప్యాకెట్టు మీద ఏం రాసి ఉంది? ఎవరైనా చదివారా?

అదే చట్టం ప్రతి గర్భిణికి 6000 రూపాయలకి తగ్గకుండా ఇవ్వాలంది. 2017లో పెట్టిన మాతృ వందన పథకం మొదటి కాన్పుకి 5000తో సరిపెట్టింది. తర్వాత రెండో కాన్పు ఆడపిల్ల అయితేనే 6000 అంది. అదే 2017లో కంపెనీల్లో, ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్ళకి 26 వారాల జీతంతో సెలవు చట్టం చేశారు. మంచిదే, మేము కాదనం. కానీ చెరుకు తోటలో కత్తి పట్టుకునే తల్లికి 26 రోజుల కూలి కూడా ఎందుకు లేదు? ఎనిమిదో నెలలో మోపు మోస్తే, తిన్న కాస్తా మోపుకే ఖర్చయిపోతుంది. బిడ్డకి ఏం మిగులుతుంది?

మన ఇళ్ళల్లో మార్చుకోవలసినవి

అన్నీ సర్కారు మీదకి తోసి ఊరుకుంటే కుదరదు. గర్భిణి ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని కడుపు మాడ్చే అలవాటు ఇంకా ఉంది. అది మానాలి. బాలింతకి పత్తెం పేరుతో కారం మెతుకులు, వెల్లుల్లి తప్ప ఏమీ పెట్టకపోతే పాలలోకి ఏం వస్తుంది? గుడ్డు పెట్టండి, ఆకుకూర పెట్టండి, వారానికి రెండుమూడు సార్లు చిన్న చేప పెట్టండి. సంతలో దొరికే ఎండు నెత్తళ్ళు పనికొస్తాయి. ఉప్పు పోయేలా బాగా కడిగి వండాలి. బి.పి. ఉన్న గర్భిణి ఉప్పు చేప తినకూడదు.

మన వైపు బాలింతకి పాలు పడతాయని సొర పిట్టు పెడతారు. పెద్దల మాట మీద గౌరవంతోనే చెబుతున్నాం, గర్భిణికి, బాలింతకి సొర వద్దు. సొర సముద్రంలో చిన్న చేపల్ని తిని బతికే పెద్ద చేప. ఫ్యాక్టరీల నుంచి, బొగ్గు పొగ నుంచి నీళ్ళలో చేరే పాదరసం దాని ఒంట్లో పేరుకుంటుంది. అది బిడ్డ మెదడుకి విషం. కవళ్ళు, నెత్తళ్ళు చిన్నవి, తక్కువకాలం బతికేవి. వాటిలో పాదరసం తక్కువ, మేలు ఎక్కువ, ధర కూడా తక్కువే.

చేప తినని వాళ్ళు అవిసె గింజలు వేయించి, పొడికొట్టి రోజూ ఒక చెంచా అన్నంలో కలుపుకోవచ్చు. అవిసె చెట్టు కాదు, నూనెగింజ. కాచిన నూనె మళ్ళీ మళ్ళీ కాచి వేసే బజ్జీలు, వనస్పతి మిఠాయిలు ఆ రోజుల్లో తగ్గించాలి. ఇక మగవాళ్ళకి ఒక మాట. సారా దుకాణంలో పెట్టే డబ్బు బిడ్డ బుర్రలోంచి తీసినదే. ఆలి ఆఖర్న తినే ఆచారం మనువు ఇంటి నుంచి మన ఇంటికి ఎలాగొచ్చింది? కడుపుతో ఉన్న మనిషికి ముందు వడ్డించండి.

చెరువూ చేపా ఎవరివి?

1927లో మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు మావి కూడా అని బాబాసాహెబ్ దోసిలి పట్టాడు. ఇవాళ మన చెరువుల్లో నీళ్ళు ముట్టుకుంటే కొట్టకపోవచ్చు. మరి ఆ చెరువు చేపల వేలం పాట ఎవరు పాడుకుంటున్నారు? పరిగెలు, పీతలు, నత్తలు పట్టుకుని వండుకున్న వాడలకి ఇప్పుడు గట్టు ఎక్కనిస్తున్నారా? సముద్రమూ మనకి దూరమేం కాదు. ఒక పక్క విశాఖ రేవు, ఇంకో పక్క పూడిమడక. కానీ తీరంలో పడే చిన్న చేపల్లో చాలా భాగం పిండి మిల్లులకి పోయి రొయ్యల మేత అవుతున్నాయి. ఆ రొయ్యలు ఓడెక్కి విదేశాలకి పోతున్నాయి. రొయ్య పెరగాలా, మన గుంట పెరగాలా? ఈ ప్రశ్న ఎవరు అడగాలి? మనమే.

అందుకని మేము అడుగుతున్నవి ఇవి:

1. అంగన్‌వాడీ భోజనంలో 2023 సవరణ ప్రకారం మంచి కొవ్వు ఎంత పెడుతున్నారో కేంద్రం గోడ మీద తెలుగులో రాయాలి. సోయా నూనె, ఆవనూనె లాంటి ఒమేగా-3 ఉన్న నూనె కలపాలి.

2. గుడ్డుతో పాటు, తినేవాళ్ళకి వారానికి రెండుసార్లు చిన్న చేప పెట్టాలి. ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లాలో అంగన్‌వాడీల ద్వారా ఎండు చేపలు, చేపల పొడి ఇచ్చి చూశారు. అక్కడ అయినది ఇక్కడ ఎందుకు కాదు? ఆ చేపని మత్స్యకార ఆడవాళ్ళ సంఘాల దగ్గరే కొనాలి.

3. ప్రతి కాన్పుకీ, అది ఎన్నోదైనా, పుట్టింది ఎవరైనా, చట్టం చెప్పిన డబ్బు తగ్గకుండా ఇవ్వాలి. వ్యవసాయ కూలి తల్లికి చివరి మూడు నెలలు, కాన్పయ్యాక మూడు నెలలు కూలి నష్టం కట్టివ్వాలి.

4. పంచాయతీ చెరువు చేపల్లో వాడ గర్భిణులకి, బాలింతలకి వాటా తీసిపెట్టాలి. గ్రామసభలో ఇది తీర్మానం చెయ్యాలి.

సంఘాల కార్యకర్తలకి ఒక పని. ఈ పదిహేను రోజుల్లో మీ వాడలో కడుపుతో ఉన్నవాళ్ళు, పాలిచ్చేవాళ్ళు ఎంతమందో రాయండి. వాళ్ళకి నెలలో ఎన్ని గుడ్లు అందాయి, ఎంత నూనె అందింది, చేప ఎన్నిసార్లు తిన్నారు, డబ్బు ఎంత వచ్చింది, పనికి ఏ నెల దాకా పోయారు? ఈ ఐదు ప్రశ్నలు చాలు. ఆ కాగితం పట్టుకుని మండలాఫీసుకి పోదాం. బుర్ర లేదన్నవాళ్ళకి మన లెక్కే జవాబు చెబుతుంది.

జై భీమ్!